రెండు పక్కలా ఉంటే పుట్టుకతోదే

మనిషి కింది దవడలో పుట్టుకతోనే రెండు కన్నాలుంటాయి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి. కోరపన్ను దాటాక వచ్చే రెండు చిన్న దవడపళ్ళ వేర్ల దగ్గర, కందిగింజంత ఉంటాయి. ఎముక లోపల కాలువలో వచ్చిన నరం ఆ కన్నంలోంచి బయటపడి కింది పెదవికి పోతుంది. పెదవికి వేడీ చల్లనా తెలిసేది ఆ తీగ వల్లే. ఇది నాకు ఏ కాలేజీ చెప్పలేదు. చదువు మధ్యలో ఆపేసి, బస్సు డిపో కార్మికుల ఆసుపత్రిలో పళ్ళ ఎక్స్‌రేలు తీసే పనిలో చేరాను. చూసి చూసి నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదానితోనే మా బావ ప్రాణం మీదకు తెచ్చాను. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి ఊరించడం నాకు చేతకాదు.

ఫిల్ములో ఎముక తెల్లగా పడుతుంది, ఖాళీ నల్లగా పడుతుంది. కన్నం ఖాళీయే కాబట్టి నల్లటి గుండ్రటి మచ్చలా ఉంటుంది. పంటి వేరు కింద చీము పట్టి ఎముక కరిగినా అంతే నల్లగా, అంతే గుండ్రంగా ఉంటుంది. మా డాక్టరుకి తేడా తెలుసు, చూసే తీరికే లేదు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే ఒంటిగంటలోపు అరవై నోళ్ళు. వేరు దగ్గర నలుపు కనిపిస్తే చాలు, చీటీ మీద ‘పీకాలి’ అని గీకేవాడు. రోగికి పన్ను పోయేది, మాకు వరస కదిలేది.

బస్సులు కడిగే ఒకావిడ ఇలాగే రెండు పళ్ళు పోగొట్టుకుంది. పీకాక చూస్తే రెండూ ముత్యాల్లాంటి పళ్ళు. నొప్పి మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే పుచ్చింది పైపన్ను. ఆమె ఆ రెండు పళ్ళూ గుడ్డలో చుట్టుకుని వచ్చి, వీటిలో తప్పేముందో చూపించమ్మా అని నన్నడిగింది. డాక్టర్ని కాదు, నన్ను. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ నల్లమచ్చ ఫోటో తీసి లోపలికి పంపింది నేనే.

ఆ రోజే పాత డాక్టరు వదిలేసి పోయిన అట్ట ఊడిన పుస్తకం బీరువా మీంచి దించాను. సగం మాటలు అర్థం కాలేదు. బొమ్మలు అర్థమయ్యాయి. తరవాత నా నోట్లోనే ఫిల్ము పెట్టుకుని, ఆయాను బయట బొత్తాం నొక్కమని, నా దవడకే ఫోటో తీసుకున్నాను. నాకు ఏ పన్నూ నొప్పి లేదు. అయినా చిన్న దవడపళ్ళ కింద నల్లమచ్చ ఉంది. ఆయాకి తీశాను, ఆమెకీ ఉంది. రెండు పక్కలా ఉంది. పై దవడలో నల్లగా పెద్దగా కనిపించేది గాలి గది అని, పై ముందుపళ్ళ మధ్య నల్లచుక్క కూడా పుట్టుకతో వచ్చే కన్నమేనని, రెండు గీతల మధ్య నల్లగా పోయేది నరం కాలువ అని ఒక్కొక్కటే తెలుసుకున్నాను. ఇవన్నీ మనిషితోపాటు పుట్టినవి. వీటిని చూపించి పళ్ళు పీకుతున్నారు.

ఇక నేను ఊరుకుంటానా. వరండాలో కిటికీ అద్దానికి ఫిల్ములు అంటించి, వరసలో నిలబడ్డవాళ్ళకి చూపించడం మొదలుపెట్టాను. డాక్టరుతో దెబ్బలాడాను. సూపరింటెండెంటు పిలిచి నువ్వు డాక్టరువా అంటే, కాదు, కానీ నాకు కళ్ళున్నాయి అన్నాను. సంఘం వాళ్ళని కూడగట్టాను. చివరికి ఒక నియమం గెలిచాం: కింది చిన్న దవడపళ్ళ దగ్గర నలుపు కనిపిస్తే రెండో పక్క కూడా ఫోటో తీయాలి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి, ఆ తరవాతే పీకుడు. పెద్ద అట్ట మీద నా చేత్తోనే రాసి గోడకి కొట్టాను. ‘రెండు పక్కలా ఉంటే పుట్టుకతోదే. ఒక పక్కే ఉంటే రోగం.’ డ్రైవర్లు నాకు కన్నాల పంతులమ్మ అని పేరు పెట్టారు. పెట్టనీ అనుకున్నాను. నాలుగు నెలల్లో ఒక్క మంచి పన్ను కూడా పోలేదు. నిజం చెప్పాలంటే నా కళ్ళు నెత్తికెక్కాయి.

మా బావ కండక్టరు. మా అక్క అదే డిపోలో సీట్ల కవర్లు కుడుతుంది. బావని డిపోలో అందరూ ఈల అనే పిలిచేవాళ్ళు. మిగతా కండక్టర్లు మెడలో ఇనప ఈల వేసుకుంటారు. ఆయన పెదవులతోనే వేసేవాడు. ఒకటి వేస్తే ఆపు, రెండు వేస్తే పోనీ. ఆ ఈల బస్సు చివరి సీటు నుంచి ఇంజను మోత దాటుకుని డ్రైవరు చెవిలో పడేది. సీసా మూతలు పళ్ళతో తీయడం ఆయన ఇంకో విద్య. అలా తీసి తీసి ఒక చిన్న దవడపన్ను అంచు విరగ్గొట్టుకున్నాడు.

ఆయనకి ఎడమ పక్క కింది చివరి దవడపన్ను కదిలితే మా డాక్టరే ఇంజెక్షనిచ్చి తీసేశాడు. నెలైనా నొప్పి పోలేదు. డ్యూటీ దిగి నేరుగా నా గదికొచ్చి కుర్చీలో చతికిలబడ్డాడు.

“మీ ఇంజెక్షను ఇంకా దిగలేదు మరదలా. ఈ పెదవి నాది కాదు, అద్దెకి తెచ్చుకున్నట్టుంది. ఈల కూడా పలకట్లేదు.”

“మంచి మందే పడింది,” అన్నాను. “మా అక్క చెవులకి నెల రోజులు సెలవు.”

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. పెదవికి పోయే తీగ ఆ కన్నంలోంచే పోతుందని వరండాలో వందమందికి చెప్పిన నోరిది. ఇంజెక్షను వల్ల మొద్దుబారడం నాలుగు గంటలకి మించి ఉండదని తెలిసిన మనిషినే. మా బావ పెదవి నెల రోజులు మొద్దుబారిందంటే జోకేశాను.

ఊళ్ళో పెద్ద క్లినిక్కులన్నీ కంప్యూటర్లో చూస్తున్నా మాకింకా చీకటి గదిలో, తొట్టిలో కడిగే ఫిల్ములే. ఒక్కో ఫిల్ము ఇంత, పెద్ద తపాలా బిళ్ళంత. దాని మూలలో గుండుసూది తలంత బొడిపె ఉంటుంది. బొడిపె మన వైపు ఉబ్బి ఉంటే మనం మనిషి ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు. గుంట పడి ఉంటే ఫిల్ముని వెనక నుంచి చూస్తున్నట్టు. అప్పుడు ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. అందుకే ఫిల్ము చేతికి రాగానే బొటనవేలితో ఆ మూల తడమాలి. పనిలో మొదటి రోజు నేర్చుకునే పాఠం ఇదే.

ఎడమ పక్క ఒకటి తీశాను. బొత్తాం నొక్కేటప్పుడు బావ ఏదో అనబోయి కదిలాడు. కదిలితే ఫోటో చెదురుతుందని మళ్ళీ ఎడమ పక్కే ఇంకోటి తీశాను. ఇక కుడి పక్క తీయాలి. ఫిల్ము చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే వరండాలోంచి ఎవరో డ్రైవరు నన్ను కేకేశాడు. రెండో పక్క ఫోటో లేకుండానే తనకి పీకుడు రాశారట. ఒళ్ళు మండింది. బావని కదలొద్దని చెప్పి, తీసిన రెండు ఫిల్ములూ తొట్టిలో వేసి బయటికి పరిగెత్తాను. సూపరింటెండెంటు దాకా వెళ్ళి అరగంట నోరు చేసుకుని, ఆ చీటీ చింపించి గెలిచి వచ్చాను. తిరిగొచ్చేసరికి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయా రెండు ఫిల్ములు కడిగి క్లిప్పుకి తగిలించి ఉంచింది. రెండు ఫిల్ములు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఇంకేం కావాలి.

ఎడమకొకటి కుడికొకటి గళ్ళుండే ఫిల్ముల అట్టలో అమర్చబోతే రెండోది కుదరలేదు. బొడిపె ఉబ్బుగా పెట్టి చూస్తే రెండూ ఎడమ పక్కవిలాగే ఉన్నాయి. ఫిల్ము నాకు చెప్పింది. నేనే వినలేదు. నోట్లో తిరగబెట్టి ఉంటానులే అనుకుని దాన్ని తిప్పేశాను. చక్కగా కుడి పక్క గళ్ళో కూర్చుంది.

ఫిల్ములు వెలుగులో చూసే దీపప్పెట్టె మీద పెట్టాను. ఎడమ పక్క నల్లమచ్చ, కుడి పక్క నల్లమచ్చ. ఒకే చోట, ఒకే కొలత. మామూలు కన్నం కంటే కాస్త పెద్దవి, కానీ రెండూ పెద్దవే. బావకి పెద్ద కన్నాలున్నాయి, అంతే అనుకున్నాను.

మా డాక్టరు ఆ రోజు ఎందుకో తొందరపడలేదు. అరవై నోళ్ళ మనిషి ఆ రెండు ఫిల్ముల ముందు చాలాసేపు వంగి నిలబడ్డాడు. అంచులు నున్నగా లేవన్నాడు. చెదలు తిన్నట్టున్నాయన్నాడు. ఎందుకైనా మంచిది, పెద్దాసుపత్రికి పంపుదాం అన్నాడు. వరండాలో పదిహేను మంది వింటున్నారు.

“రెండు పక్కలా ఉంది కదండీ. మళ్ళీ మొదలుపెట్టారా?” అన్నాను.

“రెండు పక్కలా ఇంత ఒకేలా ఉండటమే నాకు వింతగా ఉంది. చివరికి ఆ పన్ను విరగడం కూడా.”

“రెండు పక్కలతోనూ మూతలు తీస్తాడు. మా బావ, నాకు తెలీదా?”

వరండాలో నవ్వులు లేచాయి. బావ కూడా నవ్వాడు, పెద్దాసుపత్రి తప్పినందుకు. అక్కడికి వెళ్తే వారం డ్యూటీ పోతుంది, ఆయనకి బస్సు వదిలి ఉండటం ఇష్టం లేదు. డాక్టరు నా వైపు చూశాడు. నాలుగు నెలలుగా నా చేతిలో ఓడిపోతున్న మనిషి. కలం తీసి ‘మామూలే’ అని రాశాడు. రాయించింది నేను.

ఐదు నెలలు గడిచాయి. ముందు ఆ చిన్న దవడపళ్ళు కదిలాయి. తరవాత దవడ ఉబ్బింది. ఊరి పేర్లు పిలిచేటప్పుడు మాట జారుతోందని ప్రయాణికులు తాగొచ్చాడని ఫిర్యాదు చేశారు. ఇనప ఈల కొనుక్కున్నాడు. అదీ పెదవుల్లో నిలవలేదు. మెడలో గడ్డ చేతికి తగిలిన రోజు అక్క నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పెద్దాసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు చేశారు. ఎముకలో క్యాన్సరు. మెడ గ్రంథులకి, ఇంకా కిందికి పాకింది. కోసే దశ దాటిపోయింది. నొప్పి తగ్గడానికి మాత్రం రేడియేషను కరెంటు పెడతాం అన్నారు. అక్కడి డాక్టరమ్మ నన్నడిగింది, మొదట్లో తీసిన ఎక్స్‌రేలు ఉంటే తెచ్చిపెట్టమని. పంతులమ్మని కదా, ఎక్స్‌రే అంటే నన్నే అడుగుతారు.

డిపోకి వచ్చి బీరువాలోంచి బావ ఫిల్ముల అట్ట తీశాను. అక్కడే నిలబడి, ఎందుకో అలవాటుగా బొటనవేలితో మూలలు తడిమాను. ఎడమ గళ్ళో బొడిపె. కుడి గళ్ళో గుంట.

తిప్పాను. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి ఎత్తాను. విరిగిన పన్ను మీద విరిగిన పన్ను కూర్చుంది. మచ్చ మీద మచ్చ కూర్చుంది. చెదిరిందనుకున్న మొదటి ఫోటో అసలు చెదరనే లేదు. బావ కుడి దవడ ఆ రోజు నేను తీయనే లేదు. ఒక రోగాన్ని రెండుసార్లు చూసి, అది రెండు పక్కలా ఉంది కాబట్టి రోగం కాదన్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

మర్నాడు పెద్దాసుపత్రి వరండాలో, కరెంటు గది ముందు బెంచీ మీద బావకి చెప్పాను. అక్క చీటీల వరసలో ఉంది. మొత్తం చెప్పాను, జోకుతో సహా. ఆయన సగం నోటితో, ఒక్కో మాటా పట్టుకుని పట్టుకుని మాట్లాడాడు.

“అయితే నా కుడి పక్క ఫోటో ఇంకా తీయనేలేదన్నమాట.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. తియ్యి, అదొక్కటైనా బాగుందేమో చూద్దాం అన్నాడు. ఆ తరవాత, మీ అక్కకి చెప్పకు అన్నాడు. “దానికి చెల్లెలివి నువ్వొక్కదానివే. నేనెలాగూ ఉండను. నువ్వూ లేకుండా చేయకు.”

వారం తిరక్కుండా డిపోకి వచ్చాడు. కుర్చీలో ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. ఫిల్ము మూల పెదవికి గీసుకున్నా ఆయనకి తెలియలేదు, నెత్తురు చూసి నాకు తెలిసింది. నేనే కడిగాను. తడి ఆరకముందే మూడుసార్లు బొడిపె తడిమాను. దీపప్పెట్టె మీద పెట్టి చూపించాను. కందిగింజంత కన్నం. అంచు నున్నగా, పెన్సిల్‌తో గీసినట్టు. దాని చుట్టూ తెల్లటి ఎముక, ఎక్కడా చెదల గాటు లేదు. పుట్టినప్పుడు ఎలా ఇచ్చారో అలాగే ఉంది. పన్ను కూడా విరగలేదు. సీసా మూతలన్నీ ఎడమ పక్కతోనే తీశాడు.

బావ దాన్ని చాలాసేపు చూశాడు.

“ఇదా నువ్వు అందరికీ చెప్పేది,” అన్నాడు. “బాగుంది.”

ఆయన వెళ్ళాక వరండాలోకి వచ్చాను. గోడ మీద నా అట్ట ఉంది. కింద ఇరవై మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలో పెదవి మొద్దుబారినవాడు ఎవడైనా ఉంటే, ఆ అట్ట చదివి ధైర్యంగా ఇంటికి పోతాడు. మా అక్క నాకు మిగలాలంటే ఆ అట్ట అక్కడే ఉండాలి. అట్ట తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. అడిగితే అబద్ధం చెప్పే నోరు కాదు నాది. ఆ నోటితోనే కదా ఇంత దూరం వచ్చింది.

స్టూలెక్కి పీకేశాను. అడిగారు. చెప్పాను. వాక్యం తప్పు కాదు, చూసిన మనిషి తప్పు అన్నాను. ఎవరికీ ఆ తేడా పట్టలేదు. సంఘం పెద్ద, ఇంతకాలం నిన్ను నమ్మి డాక్టరు మీద నోళ్ళు పారేసుకున్నాం అన్నాడు. ఆయన అన్నది నిజం. ఇంకొకడు తన భార్య ఫోటో కూడా తిరగేసి చూశావేమోనని అడిగాడు. లేదని చెప్పలేకపోయాను. బీరువాలో ఉన్న నాలుగొందల ఫిల్ముల అట్టలూ ఆ వారం అంతా కూర్చుని తడిమాను. ఇంకొక్కటి కూడా తప్పు లేదు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియలేదు.

సాయంత్రం కాకముందే కవర్లు కుట్టే షెడ్డుకి వార్త చేరింది. అక్క మిషను మీంచి లేచి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా నా గది గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

“డాక్టరు పంపుదామన్నాడటగా,” అంది.

“అన్నాడు.”

అంతే. వెనక్కి తిరిగి షెడ్డుకి వెళ్ళిపోయింది. కాసేపటికి మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ తరవాత నాతో మాట్లాడలేదు. బావ మంచం పట్టాక చూడటానికి వెళ్తే తలుపు తీస్తుంది, పక్కకి జరుగుతుంది. నేను తెచ్చింది నేను వెళ్ళేదాకా గుమ్మం దగ్గరే ఉంటుంది. బావ కళ్ళతో నన్ను కోప్పడతాడు, చెప్పొద్దన్నాను కదా అని. ఆయనకి ఇప్పుడు మాట లేదు. డాక్టర్లు ఇక వారాలే అంటున్నారు.

డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. ‘మామూలే’ అన్న సంతకం ఆయనదే కదా. నియమం మాత్రం పోయింది. రెండో పక్క ఫోటో వల్ల అనర్థమే జరిగిందని సూపరింటెండెంటు పైకి రాశాడు. మనిషికి ఒక ఫిల్ము. నలుపు కనిపిస్తే పీకాలి. వరస మళ్ళీ చకచకా కదులుతోంది. అప్పుడు కూడా మనిషికి ఒక ఫిల్మే అయి ఉంటే బావ బతికేవాడా అని నన్ను నేనే అడుగుతాను. బతికేవాడు కాదు. పళ్ళు రెండు పీకి పంపించేవాళ్ళు. అంటే నేను ఆ నియమం కోసం దెబ్బలాడినా పోయేవాడే, ఆడకపోయినా పోయేవాడే. ఒక్క పెద్దాసుపత్రి చీటీ కాపాడేది, ఆ చీటీ రాయబోయిన చేతిని ఆపింది నేను. ఎటు తిప్పి చూసినా అక్కడికే వస్తున్నాను.

నిన్న టికెట్ల కౌంటరులో పనిచేసే ఆమె వచ్చింది. కింది దవడ, కుడి పక్క నొప్పి. ఫిల్ము కడిగి బొడిపె తడిమి దీపం ముందు పెట్టాను. చిన్న దవడపళ్ళ వేర్ల మధ్య కందిగింజంత నలుపు. అంచు నున్నగా ఉంది. పంటి వేరు చుట్టూ మంచి పన్నుకి ఉండే సన్నటి గీత ఎక్కడా తెగలేదు. పెదవి ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. గోరుతో గిచ్చి చూశాను, చురుక్కుమందంది. పుట్టుకతో వచ్చిన కన్నం. నా ప్రాణం పెట్టి చెప్పగలను. అంత కచ్చితంగా బావ విషయంలోనూ చెప్పాను.

డాక్టరు పీకుడు రాశాడు. ఇంకో పక్క తీసి చూద్దామండీ అన్నాను, మెల్లగా. ఆయన జవాబిచ్చేలోపే ఆమె నా చేతిలోంచి చీటీ తీసుకుంది.

“నువ్వు చెప్పకమ్మా,” అంది. “డాక్టరుగారు చెప్పనీ.”

పన్ను ట్రేలో పడిన చప్పుడు గోడ ఇవతలికి వినిపించింది. ఫిల్ములో నేను చూసిన, నిండు వేరున్న మంచి పన్ను. ఆయా పిలిచింది, తరవాతి మనిషి కుర్చీలో కూర్చున్నాడని. వెళ్ళి ఆయన్ని నోరు తెరవమన్నాను.